వాలు స్థలంలో చెక్కపని షెడ్డు: ముందు నీటికి దారి, ఆ తర్వాత గోడ

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: విశాఖపట్నం మధురవాడ వైపు కొండ వాలులో ఇల్లు. ఇంటి పక్కన 24 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పుతో చెక్కపని కోసం షెడ్డు వేసుకోవాలి. ఆ 14 అడుగుల్లో నేల మూడున్నర అడుగులు దిగుతోంది. మేస్త్రి 'కింది వైపు గోడ లేపి మట్టి పోసేద్దాం' అంటున్నాడు. అలా చేయవచ్చా? టేబుల్ రంపం, ప్లేనర్, కంప్రెసర్ పెట్టుకోవడానికి లోపల ఏమేం చూసుకోవాలి?

మేస్త్రి చెప్పింది సగం సరైనదే. మట్టి పోయడంలో తప్పు లేదు. ఎంత పోయాలి, దేని మీద పోయాలి, దాని వెనక్కి చేరే నీళ్లు ఎటు పోతాయి అన్నవి తేల్చకుండా పోయడమే తప్పు. వాలు స్థలంలో కట్టినవి దెబ్బతినేది ఎక్కువగా వాలు వల్ల కాదు, నీళ్ల వల్ల. ఒక్క లెక్క చూడండి. 4 అడుగుల ఎత్తు పొడి మట్టి తన ముందున్న గోడను ప్రతి మీటరు పొడవుకు సుమారు 440 కిలోల బలంతో తోస్తుంది. అదే మట్టిలో పైదాకా నీళ్లు నిలిస్తే ఆ తోపు 900 కిలోలు దాటుతుంది. అందులో 720 కిలోలు ఒట్టి నీళ్లదే. పైన అడుగున్నర, కింద రెండున్నర అడుగుల మందమున్న రాతి గోడకు జారకుండా నిలిచే శక్తి మీటరుకు 850 కిలోల దగ్గర ఉంటుంది. అంటే పొడిగా ఉన్నప్పుడు రెట్టింపు భద్రత ఉన్న గోడ తడిస్తే లెక్క ప్రకారమే జారాలి. గోడ మందం పెంచడం కన్నా దాని వెనక నీళ్లు నిలవకుండా చేయడం ఎంతో చవక.

పైగా మీ వైపు మట్టి ఖొండలైట్ రాయి శిథిలమై ఏర్పడిన ఎర్ర గ్రావెల్. ఎండలో నిలువునా కోసినా గోడలా నిలబడుతుంది. అది చూసి మోసపోతారు. బాగా నానితే అదే కోత పెళ్లలు పెళ్లలుగా జారుతుంది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలను వాన నీరు ఎంత లోతుగా కోసిందో చూసినవారికి ఈ ప్రాంతంలో నీటిని తేలిగ్గా తీసుకోకూడదని వేరే చెప్పక్కర్లేదు.

ముందు మట్టాలు

నాలుగు మూలల్లోనూ, మధ్యలోనూ గూటాలు పాతి ట్యూబ్ లెవెల్‌తో మట్టాలు పట్టండి. ట్యూబులో ఒక్క గాలి బుడగ ఉన్నా అంగుళం దాకా తేడా వస్తుంది. నీళ్లు నింపాక రెండు కొసలూ పక్కపక్కన పెట్టి, రెండింటిలో నీళ్లు ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూశాకే పని మొదలుపెట్టండి. షెడ్డు పొడవైన గోడలు వాలుకు అడ్డంగా, అంటే ఒకే మట్టం మీద సాగేలా ఉండాలి. మీరు 14 అడుగుల వైపే దిగుడు ఉందన్నారు కాబట్టి ఇప్పుడున్న అమరిక సరైనదే. దీన్ని తిప్పితే 24 అడుగుల్లో 6 అడుగుల దిగుడు మీద పడుతుంది.

కింది అంచు నేలను సున్నా అనుకుంటే పై అంచు 3 అడుగుల 6 అంగుళాలు. లోపలి నేల మట్టం 2 అడుగుల 3 అంగుళాల దగ్గర పెట్టండి. ఈ అంకెకు మూడు కారణాలున్నాయి. ఒకటి, పై వైపు కోసిన మట్టిలో పైపొర తీసేయగా మిగిలింది కింది వైపు నింపడానికి ఇంచుమించు సరిపోతుంది. లెక్కకు దిట్టంగా కుదించిన మట్టి 200 ఘనపుటడుగులు కావాలి, కోతలోంచి అంతే వస్తుంది, ట్రాక్టర్లు పిలవనక్కర్లేదు. రెండు, కింది వైపు గోడ నేల మీద రెండుంపావు అడుగులకు మించదు. మూడోది చాలామంది పట్టించుకోనిది: పక్క గోడలో కింది మూల నుంచి 9 అడుగుల దూరంలో బయటి నేల, లోపలి నేల ఒకే మట్టంలో కలుస్తాయి. తలుపు అక్కడ పెడితే మెట్లుండవు. ప్లైవుడ్ షీట్లు, యంత్రాలు ట్రాలీ మీద నేరుగా లోపలికి వెళ్తాయి. తలుపు 5 అడుగుల వెడల్పు, రెండు రెక్కలు, బయటికి తెరుచుకునేలా పెట్టుకోండి. గడప ముందు 4 అడుగుల మేర సిమెంటు చప్టా వేసి, దాని వాటం బయటికి ఇవ్వండి.

పై వైపు: గోడ వేరు, షెడ్డు వేరు

తరచుగా జరిగే తప్పు ఇక్కడే ఉంది. కొండను కోసిన చోటికే షెడ్డు వెనక గోడ ఆనించి కట్టేస్తారు, మూడడుగుల జాగా కలిసొస్తుందని. ఆ 9 అంగుళాల ఇటుక గోడ పై బరువు మోయడానికి పనికొస్తుంది గానీ పక్క నుంచి వచ్చే మట్టి తోపుకు కాదు. తోపు సంగతి పక్కన పెట్టినా చెమ్మ వదలదు. చెక్క, ఇనుప పనిముట్లు ఉండే గది గోడకు ఏడాది పొడవునా చెమ్మ ఉంటే ఇక అది వర్క్‌షాప్ కాదు.

షెడ్డు వెనక గోడకు, కోతకు మధ్య 3 అడుగుల సందు వదలండి. సందు నేల షెడ్డు నేల కన్నా 6 అంగుళాలు కిందకి ఉండాలి. అప్పుడు కోతను ఆపే గోడ సందులోంచి చూస్తే రెండున్నర అడుగులు కనిపిస్తుంది. దానికి సందు మట్టం కింద అడుగున్నర పునాది, అంటే మొత్తం 4 అడుగుల రాతి కట్టుబడి. కింద 2 అడుగులు, పైన అడుగున్నర మందం, అడుగున రెండున్నర అడుగుల వెడల్పుతో 6 అంగుళాల 1:4:8 కాంక్రీటు (సిమెంటు ఒక పాలు, ఇసుక నాలుగు, కంకర ఎనిమిది). ముఖం కొద్దిగా కొండ వైపు వాలేలా కట్టాలి. రెండు చివర్లా మలుపులు కలిపి 30 అడుగుల పొడవుకు సుమారు 210 ఘనపుటడుగుల కట్టుబడి అవుతుంది. 1:6 మాలుకు (సిమెంటు ఒకటి, ఇసుక ఆరు) 10 బస్తాల సిమెంటు పడుతుంది. మేస్త్రి రెండు ముఖాలకు మంచి రాళ్లు పేర్చి మధ్యలో చిల్లరాళ్లు, మట్టి దూర్చకుండా చూసుకోండి. గోడ మందమంతా అందే పొడుగు రాయి ప్రతి 4 అడుగులకు ఒకటైనా పడాలి. లేకపోతే రెండు పొరలు విడిపోయి ముందు పొర పొట్టలా ఉబ్బుతుంది.

నీళ్లు పోయే రంధ్రాలు 75 ఎం.ఎం. పీవీసీ పైపుతో, నాలుగైదు అడుగులకు ఒకటి పెట్టాలి. మొదటి వరస సందు నేలకు 6 అంగుళాల పైన, రెండో వరస దానికి అడుగున్నర పైన, పై రంధ్రం కింది రంధ్రం నెత్తిన కాకుండా ఎడంగా పడాలి. పైపుకు ముందుకు వాటం ఉండాలి. ఒట్టి పైపు పెట్టి వెనక మట్టి నింపేస్తే ఒక్క వానకాలంలో మూసుకుపోతుంది. గోడ వెనక అడుగు మందాన 40 ఎం.ఎం. కంకర నింపి, కంకరకూ మట్టికీ మధ్య నీటిని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరవండి. ఈ గుడ్డ లేకపోతే ఎర్రమట్టిలోని సన్నటి బంక రెండు మూడేళ్లలో కంకరలోకి దిగి గట్టిపడుతుంది. రంధ్రాలు పైకి కనిపిస్తూనే ఉంటాయి గానీ నీళ్లు రావు. నడివానలో ఈ రంధ్రాలు పొడిగా ఉన్నాయంటే అది మంచి గుర్తు కాదు.

కోత ఒక్కసారిగా 30 అడుగులూ తెరవకండి. 8 అడుగులు కోసి, గోడ లేపి, వెనక కంకర నింపి, తర్వాత ఇంకో 8 అడుగులు. ఎగువన పొరుగువారి ప్రహరీ ఉంటే, దానికి మీ కోత లోతుకు కనీసం ఒకటిన్నర రెట్ల దూరంలో ఆగిపోవాలి. అంత జాగా లేకపోతే, లేదా కోత ఎక్కడైనా 5 అడుగులు దాటితే ఈ కొలతలు పనికిరావు. మట్టి తోపు ఎత్తుతో పాటు పెరగదు, ఎత్తు వర్గంతో పెరుగుతుంది. ఎత్తు రెట్టింపైతే తోపు నాలుగింతలు, గోడను పడదోసే శక్తి ఎనిమిదింతలు. అక్కడ స్ట్రక్చరల్ ఇంజినీరు గీసిచ్చిన ఆర్‌సీసీ గోడే కట్టాలి.

ఇప్పుడు పైనుంచి వచ్చే వాన నీరు. గోడ నెత్తికి మూడడుగుల ఎగువన అడ్డంగా 9 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల లోతు సిమెంటు కాలువ ఒకటి. సందులో, రాతి గోడ పాదం పక్కనే అలాంటిదే ఇంకొకటి. వాటం నూటికి ఒకటి, అంటే 24 అడుగులకు 3 అంగుళాలు. ఎగువన 2400 చదరపు అడుగుల మేర నుంచి గంటకు 100 మిల్లీమీటర్ల వాన పడినా సెకనుకు 6 లీటర్లు వస్తుంది. ఈ కాలువ దానికి పదింతలు మోయగలదు. కాబట్టి కాలువ పొంగిందంటే చిన్నదై కాదు, ఆకులు పూడి పొంగినట్టు. మూతలు వేయకండి, వేస్తే చేత్తో లేచేలా ఉండాలి. కాలువ చివర నీళ్లు పక్క నుంచి వాలులో దిగేటప్పుడు వేగం అందుకుని నేలను కోసేస్తాయి. అక్కడ రాళ్లతో మెట్లు మెట్లుగా దింపండి, లేదా 6 అంగుళాల పైపులో వీధి కాలువ దాకా తీసుకెళ్లండి.

ఇంకుడు గుంత తవ్వాలనుకుంటే షెడ్డుకు దిగువనే. ఎగువన తవ్వితే మీ గోడ వెనక్కి మీరే నీళ్లు పోస్తున్నట్టు.

కింది వైపు: నింపుడు

ముందు 6 అంగుళాల పైపొర, గడ్డి, వేర్లు మొత్తం ఎత్తేయండి. ఆ మట్టి తోటకు పనికొస్తుంది, నింపడానికి కాదు. తర్వాత వాలును 2, 3 అడుగుల వెడల్పు మెట్లుగా కొట్టండి. వాలు మీద నేరుగా మట్టి పోస్తే రెండు మట్టుల మధ్య ఒక జారుడు బల్ల తయారవుతుంది, పైనుంచి దిగిన నీరు సరిగ్గా ఆ గీత వెంటే పారుతుంది.

కింది గోడ పునాది అసలు నేలలో 2 అడుగుల లోతుకు దిగాలి. పునాది ఏదైనా, ఎక్కడైనా, పోసిన మట్టి మీద కూర్చోకూడదు. ఇందులో రాయితీ లేదు. పక్క గోడల పునాది మెట్లుగా దిగుతుంది. ఒక్కో మెట్టు అడుగుకు మించకూడదు, పై మెట్టు కాంక్రీటు కింది మెట్టు మీదికి కనీసం అడుగు ఎక్కాలి. మెట్లు లేకుండా వాలుగా కాంక్రీటు పోస్తామంటే ఒప్పుకోకండి. బరువెక్కగానే అది కిందికి జారాలని చూస్తుంది. కింది గోడకు కూడా బయటి నేలకు కాస్త పైన 6 అడుగులకు ఒకటి చొప్పున 2 అంగుళాల పైపులు పెట్టండి. ఎన్ని కాలువలున్నా కొంత నీరు నేల కింద నుంచే వస్తుంది.

మట్టిని 6 అంగుళాల పొరలుగా పోసి, తడిపి, ప్లేట్ కాంపాక్టర్‌తో కుదించాలి. రోజు అద్దెకు దొరుకుతుంది. దిమ్మిసతో చేయిస్తే పొర 4 అంగుళాలే. తడి ఎంతుండాలంటే, గుప్పెట్లో పిసికితే ముద్ద కావాలి గానీ చేతికి నీరు అంటకూడదు. 'నీళ్లు కట్టి వదిలేస్తే అదే కూర్చుంటుంది' అన్న మాట ఇసుకకు కొంత నిజం. బంక కలిసిన ఎర్రమట్టి పైపైన కూర్చుని లోపల బురదగా మిగులుతుంది. పొర కుదిరిందో లేదో చూడడానికి 12 ఎం.ఎం. కడ్డీని చేత్తో బలంగా నొక్కండి. రెండు అంగుళాలకు మించి దిగితే మళ్లీ కుదించాల్సిందే.

చెదల మందు ఈ దశలోనే. క్లోర్‌పైరిఫాస్ 20 ఈసీ లీటరుకు 19 లీటర్ల నీళ్లు కలిపితే 1 శాతం ద్రావణం అవుతుంది. చదరపు మీటరుకు 5 లీటర్ల చొప్పున మీ 336 చదరపు అడుగులకు 156 లీటర్లు, అంటే మందు 8 లీటర్లు. కుదించిన మట్టిలో అర అడుగుకొకటి చొప్పున చిన్న రంధ్రాలు పొడిచి పోయాలి. పునాది గోడల పక్కన ఇంకా ఎక్కువ పోయాలి, చెదలు ఎక్కేది అక్కడి నుంచే. చేతి తొడుగులు, మాస్కు తప్పనిసరి. ఎగువనో దిగువనో దగ్గర్లో బావి ఉంటే ఈ మందు వాడకండి. చెక్కపని షెడ్డులో ఈ పని వదిలేస్తే, తర్వాత నేలకు బెజ్జాలు వేసి మందు ఎక్కించడం మూడింతల ఖర్చు, సగం ఫలితం.

నేల

మట్టి మీద 4 అంగుళాల 1:4:8 కాంక్రీటు, దాని మీద 250 మైక్రాన్ల పాలిథిన్ షీటు (అతుకుల దగ్గర అడుగు ఎక్కించి టేపు వేయాలి), ఆపైన 4 అంగుళాల ఎం20 (గట్టి రకం కాంక్రీటు). ఎం20 పొరకు సిమెంటు 26 బస్తాలు, ఇసుక 50 ఘనపుటడుగులు, 20 ఎం.ఎం. పిక్క 100 ఘనపుటడుగులు పడతాయి. 8 ఎం.ఎం. కడ్డీ రెండు వైపులా 8 అంగుళాలకొకటి కడితే ఇనుము 135 కిలోలు. కడ్డీ షీటు మీద పడుకోకుండా కింద కవర్ బ్లాకులు పెట్టించండి. 'పోసేటప్పుడు పైకి లాగుతాం' అంటారు, ఎవరూ లాగరు.

మీ నేలలో సగం కొండను కోసిన గట్టి నేల మీద, సగం నింపుడు మీద ఉంది. ఎంత బాగా కుదించినా ఈ రెండూ ఒకేలా దిగవు. రెండూ కలిసే గీత మీ కొలతల ప్రకారం కింది గోడ నుంచి ఆరు, ఏడు అడుగుల మధ్య వస్తుంది. పగులు వస్తే అక్కడే వస్తుంది. కాబట్టి పగులు తనంతట తాను పుట్టకముందే మీరే గీత పెట్టేయండి. 7 అడుగుల దగ్గర పొడవునా ఒక కోత, అడ్డంగా ప్రతి 8 అడుగులకు ఒకటి. కాంక్రీటు పోసిన 24 గంటల్లోపే కటింగ్ మెషీన్‌తో అంగుళం లోతు కోయాలి. మర్నాడు సాయంత్రానికి వాయిదా వేస్తే పగులే మీకన్నా ముందు వస్తుంది. ప్లేనర్, టేబుల్ రంపం లాంటి బరువైనవి కోత వైపు, అంటే ఎగువన పెట్టండి. కింది వైపు పనిబల్ల, అరలు.

నేలకు వాటం ఇవ్వవద్దని మేస్త్రికి ముందే గట్టిగా చెప్పండి. అలవాటు కొద్దీ తలుపు వైపు వాటం ఇచ్చేస్తారు. ఇది కడిగే నేల కాదు, ఊడ్చే నేల. అంగుళం వాటం ఉన్నా ప్రతి యంత్రం కాలి కింద చీలికలు పెట్టుకుంటూ బతకాలి. టైల్స్ వద్దు. బరువైన పనిముట్టు జారిపడితే పగులుతాయి, రంపపు పొట్టు పడితే జారతాయి. తాపీతో నున్నగా తోమిన కాంక్రీటు, దాని మీద ఫ్లోర్ హార్డెనర్ చాలు.

ఒక సూచన: కింది 4 అంగుళాల కాంక్రీటు ఇప్పుడే పోసి, పై ఎం20 పొర పైకప్పు వేశాక పోయండి. నింపుడుకు కుదురుకోవడానికి కొన్ని వారాలు దొరుకుతాయి, ఎండ, గాలి తగలకుండా కాంక్రీటు నిదానంగా గట్టిపడుతుంది. పాలిథిన్ మాత్రం ఎం20 పోసే రోజునే పరవాలి. ముందే పరిస్తే పనివాళ్ల కాళ్ల కింద చిల్లులు పడుతుంది. పోశాక పది రోజులు గట్లు కట్టి నీళ్లు నిలపండి.

గోడలు, పైకప్పు

గోడలకు 9 అంగుళాల ఫ్లై యాష్ ఇటుక చాలు, మీ దగ్గర బాగానే దొరుకుతుంది. మూడు బ్యాండ్లు (గోడల చుట్టూ తిరిగే కాంక్రీటు పట్టీలు) తప్పనిసరి: పునాది మీద, కిటికీల నెత్తిన, గోడ పైన. ఒక్కోటి 9 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల మందం, నాలుగు 10 ఎం.ఎం. కడ్డీలు, 6 అంగుళాలకొక రింగు. వాలులో పునాది ఒక మూల పావంగుళం దిగినా గోడ మొత్తాన్ని ఒక్క పెట్టెలా పట్టి ఉంచేవి ఇవే.

విశాఖలో పైకప్పును కిందికి పడకుండా కాదు, పైకి ఎగరకుండా కట్టాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఆ పాఠం నేర్పింది. భారత ప్రమాణాల్లో విశాఖకు గాలి వేగం సెకనుకు 50 మీటర్లుగా తీసుకుంటారు. ఆ వేగం చదరపు అడుగుకు సుమారు 14 కిలోల ఒత్తిడి. చూరుతో కలిపి 26 అడుగుల పొడవు, 17 అడుగుల వెడల్పున్న రేకుల కప్పు మీద అది 6 టన్నుల దాకా పైకి లాగుడు. అంచుల దగ్గర ఇంకా ఎక్కువ. రేకు బరువు చదరపు అడుగుకు అర కిలో కూడా ఉండదు. కాబట్టి కప్పు మొత్తాన్ని గోడ బరువుకు కట్టేయాలి. పై బ్యాండు పోసేటప్పుడే రాఫ్టర్ (కప్పును మోసే వాలు దూలం) కూర్చునే చోట బేస్ ప్లేట్, నాలుగేసి 12 ఎం.ఎం. బోల్టులు పాతించండి. తర్వాత ఇటుకలో డ్రిల్ చేసి బిగించేవి లెక్కలోకి రావు.

8 అడుగులకొక రాఫ్టర్ 122×61×3.6 ఎం.ఎం. పైపు, 3 అడుగులకొక పర్లిన్ (రేకును బిగించే అడ్డ పైపు) 60×40×2.9 ఎం.ఎం., రేకు 0.5 ఎం.ఎం. కొనేముందు ఇంజినీరుతో ఒకసారి సరిచూపించండి, ఫీజు పెద్దదేం కాదు. స్క్రూలు రబ్బరు వాషరుతో, అంచు పర్లిన్ల మీద ప్రతి మడతకూ, లోపల మడత విడిచి మడతకు. చూరు అడుగున్నర మించకూడదు. గాలి రేకును పట్టుకునేది అక్కడే. ఎగువ గోడ పదిన్నర అడుగులు, దిగువ గోడ 9 అడుగులు పెట్టి నీళ్లు దిగువకే పడేలా చూడండి. నేల వాలుకు ఎదురుగా కప్పు వాలు పెడితే వాననీరంతా ఆ 3 అడుగుల సందులో పడుతుంది. దిగువ చూరుకు గట్టర్, రెండు 4 అంగుళాల పైపులు పెట్టి నీళ్లను గోడ పాదానికి దూరంగా వదలండి.

డబ్బు కుదిరితే రేకుల బదులు ఆర్‌సీసీ స్లాబ్ వేయడమే ఈ తీరంలో మేలు. గాలికి భయం ఉండదు, వేడి తగ్గుతుంది, రంపం మోత బయటికి తక్కువ పోతుంది. కాకపోతే పునాది వెడల్పు నుంచి అన్నీ మారతాయి. ఆ నిర్ణయం తవ్వకానికి ముందే తీసుకోవాలి. రేకే అయితే కింద వేడిని ఆపే 50 ఎం.ఎం. రాక్‌వూల్ గానీ, రేకు స్థానంలో పఫ్ ప్యానెల్ (రెండు రేకుల మధ్య నురగ ఉన్న పలక) గానీ లేకుండా మే నెల మధ్యాహ్నం లోపల పని చేయలేరు. సముద్రపు గాలికి రెడ్ ఆక్సైడ్ ఒక్కటే నిలవదు. గాల్వనైజ్డ్ పైపు వాడండి, వెల్డింగ్ చేసిన ప్రతి చోటా జింక్ ప్రైమర్ పూయండి. తుప్పు మొదలయ్యేది ఎప్పుడూ వెల్డింగ్ దగ్గరే.

కరెంటు, వెలుతురు, లోపలి పనులు

2 హెచ్‌పీ టేబుల్ రంపం నడిచేటప్పుడు 10 ఆంపియర్ల దగ్గర తీసుకుంటుంది, మొదలయ్యే క్షణంలో ఐదారింతలు లాగుతుంది. ఇంటి నుంచి 30 మీటర్ల దూరానికి 2.5 చదరపు ఎం.ఎం. వైరు లాగితే, 25 ఆంపియర్ల దగ్గర 13 వోల్టులు దారిలోనే పోతాయి. మోటారు మూలుగుతుంది, వేడెక్కుతుంది, కెపాసిటర్ కాలుతుంది. 6 చదరపు ఎం.ఎం. రాగి ఆర్మర్డ్ కేబుల్ వేస్తే పోయేది ఐదున్నర వోల్టులే. దాన్ని రెండున్నర అడుగుల లోతున వేసి, పైన ఇటుకలు పేర్చి పూడ్చండి. షెడ్డుకు విడిగా బోర్డు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (షాక్ కొడితే కరెంటు ఆపే స్విచ్చు), రంపానికి, ప్లేనర్‌కు, కంప్రెసర్‌కు వేర్వేరు ఎంసీబీలు (కరెంటు ఎక్కువ లాగితే పడిపోయే స్విచ్చులు). మోటార్లకు కొద్దిపాటి ఎక్కువకే పడిపోయే బీ కర్వ్ ఎంసీబీ పెడితే ఆన్ చేసిన ప్రతిసారీ పడిపోతుంది, సీ కర్వ్ కావాలి, బరువైన మోటారుకు డీ. ఎర్తింగ్ గుంత షెడ్డుకు దిగువ వైపు, చెమ్మ ఉండే చోట తవ్వండి. ఎగువన రాతి నేలలో ఎంత ఉప్పు, బొగ్గు పోసినా ఎండాకాలానికి ఎర్త్ సరిగా పట్టదు. ఈ యంత్రాలన్నీ కలిపితే ఇంటి మీటరు లోడు సరిపోదు. ముందే విద్యుత్ సంస్థ ఈపీడీసీఎల్‌కు దరఖాస్తు పెట్టి పెంచుకోండి.

సాకెట్లు నేల నుంచి 42 అంగుళాల ఎత్తున, పనిబల్ల పైకి వచ్చేలా పెట్టాలి. గోడకు ఆనించిన 8 అడుగుల ప్లైవుడ్ షీటు కింది సాకెట్లన్నిటినీ మూసేస్తుంది. 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు 10, రెండు వరసల్లో. రంపం మీద, ఉలి పని చేసే చోట విడిగా ఇంకో దీపం. నాసిరకం ఎల్‌ఈడీలు కంటికి తెలియకుండా మిణుకుతాయి. ఆ వెలుగులో తిరుగుతున్న బ్లేడు ఆగినట్టు కనిపించే ప్రమాదం ఉంది. కొనేటప్పుడు ఫోన్ కెమెరాలో చూడండి, చారలు కదిలితే వద్దు.

రంపం గది పొడవు దిశలో, మధ్య గీతకు కాస్త ఎగువన ఉండాలి. 8 అడుగుల షీటు కోయాలంటే ముందు 8, వెనక 8, యంత్రం 3 కలిపి 19 అడుగులు. 24 అడుగుల పొడవు అందుకే కావాలి. ఇంకా పొడుగు దూలాలు కోయాల్సి వస్తే, తలుపుకు ఎదురుగా ఉన్న పక్క గోడలో రంపం బల్ల ఎత్తుకు ఒక చిన్న కిటికీ పెట్టుకోండి, కొస అందులోంచి బయటికి పోతుంది. దుమ్ము లాగే యంత్రం, కంప్రెసర్ దిగువ గోడ బయట చిన్న రేకు కింద పెడితే మోత, దుమ్ము రెండూ బయటే ఉంటాయి. చిత్రిక పొట్టు మోయడానికి 4 అంగుళాల పైపు, మలుపుల దగ్గర 90 డిగ్రీల ఎల్బో బదులు రెండు 45లు. లేకపోతే పొట్టు మలుపులో ఇరుక్కుంటుంది.

ఎగువ గోడకు ప్లైవుడ్ నేరుగా బిగించకండి. పట్టీలు కొట్టి అంగుళం ఖాళీ వదిలి, పైనా కిందా గాలి ఆడేలా ఉంచండి. పోత ఇనుప బల్లలకు నెలకోసారి మైనం రాయకపోతే ఈ గాలికి వారంలోనే ఎర్రబడతాయి.

పని మొదలుపెట్టేది జనవరిలో. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) అనుమతి దానికి ముందే చేతిలో ఉండాలి. ఎగువ రాతి గోడ, కాలువలు అన్నిటికన్నా ముందు, షెడ్డు గోడలు మార్చి, ఏప్రిల్ నెలల్లో, కప్పు మే నెలాఖరుకు. సెప్టెంబరులో మొదలుపెట్టి తెరిచిన కోతతో అక్టోబరు, నవంబరు తుపాన్లలోకి వెళ్లడం కన్నా నాలుగు నెలలు ఆగడం నయం.

కట్టాక మొదటి రెండు వానకాలాలు పగుళ్లు గమనించండి. నేల మీద, కింది గోడకు ఆరేడు అడుగుల దూరంలో పొడవునా వచ్చే సన్నటి పగులు నింపుడు కూర్చోవడం వల్ల వచ్చింది. పెరగకపోతే సీలెంట్ నింపితే చాలు. కిటికీ మూల నుంచి ఐమూలగా పాకే పగులు ఉంటే పునాదిలో ఏదో ఒక చివర దిగుతోంది. ముందు దిగువ మూలల దగ్గర చూడండి, గట్టర్ నీళ్లు అక్కడే పడుతున్నాయేమో, ఎవరైనా పాదం దగ్గర మట్టి తీశారేమో. రాతి గోడ మధ్యలో అడ్డంగా పగులు, దానితో పాటు పొట్ట ఉబ్బు కనిపిస్తే ఆ రోజే రంధ్రాలన్నీ కడ్డీతో పొడిచి నీళ్లు వదలండి, గోడ కింద సందులో ఎవరినీ తిరగనివ్వకండి, ఇంజినీరును పిలవండి. మిగతా పగుళ్లకు రెండు కొసల దగ్గరా పెన్సిల్ గీత గీసి పక్కన తేదీ రాయండి. మూడు నెలల తర్వాత పగులు గీత దాటిందో లేదో చూశాకే సిమెంటు పూయాలా వద్దా అన్నది తేల్చుకోండి.